సచ్చినోళ్ళ మీద జిగురు పెట్టొద్దు

పోస్టరు ఏదైనా నేను కింది నుంచి చదువుతాను. పైన ఉండే పెద్ద అక్షరాల జోలికి ముందు పోను. అన్నిటికంటే అడుగున, చీమ తలంత అక్షరాల్లో, ఎవరు వేయించారో ఎవరు అచ్చు వేశారో ఉంటుంది. అది చూశాకే పైకి పోతాను. నా మనవరాలికి ఇది నవ్వులాట. "అమ్మమ్మా, అందరు మీదికెల్లి సదువుతరు. నువ్వేంది అడుగుకెల్లి?" అంటుంది. నలభై దగ్గరపడ్డాక నాకు అక్షరాలు నేర్పింది అదే, దాని ఒకటో తరగతి పలక మీద. గురువు కాబట్టి ఎదురు చెప్పను.

మొన్న నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కబోతుంటే వెనక రేకు మీద కొత్త పోస్టరు కనిపించింది. సరిహద్దు దిక్కున మళ్ళీ మామూలు జనాన్ని చంపారని నాలుగు రోజులుగా అందరి నోటా అదే మాట. పోస్టరులో ఒక తల్లి ఏడుస్తోంది. ఆమె ఒళ్ళో బిడ్డ. వెనక మంట. పక్కన తుపాకీ పట్టిన జవాను. నేను వంగి అడుగు చూశాను. ఏమీ లేదు, ఉత్త తెల్ల అంచు.

"ఏందమ్మా, ఎక్కుతవా లేదా?" అన్నాడు డ్రైవరు.

"ఈమె ఎవరు కొడుకా?"

"బార్డర్ల ఉండే తల్లి. బిడ్డను సంపిండ్రు. కండ్లు కనవడ్తలేవా?"

"నీకెవరు చెప్పిండ్రు?"

"పోస్టర్ల ఉన్నది గదనే!"

నేను ఎక్కలేదు. ఆటోను పోనిచ్చి అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఏడవడానికి కాదు. ఆ ఆటో వెనక తల్లి ముఖం కనబడినంత దూరం చూశాను.

ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండలుండేవి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఉండేవి. మా వాళ్ళు వాటికి పేర్లు పెట్టారు. ఏనుగు బండ, జంట బండ, గాలొస్తే కదిలినట్టనిపించే తాగుబోతు బండ. ఆ బండలను పగలగొట్టడానికే మమ్మల్ని పాలమూరు నుంచి లారీలో తెచ్చారు. నాకప్పుడు పద్నాలుగో పదిహేనో. మా ఇంట్లో ఎవరూ రాసి పెట్టలేదు. నీలం పరదాలు కప్పిన గుడిసెలు ఓ యాభై దాకా ఉండేవి. పొద్దున్నే జొన్న రొట్టె కాలిన వాసన, మధ్యాహ్నం పేల్చిన మందు వాసన, సాయంత్రం తడిసిన రాతిపొడి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా గోడ కోస్తుంటే ఆ పొడి వాసనకు నాకు ఆకలవుతుంది. పని ముగిసిందని ఒంటికి గుర్తు అదే మరి.

బండకు తమిరి కొట్టి, ఆ బొక్కలో మందు కూరి, పేల్చే ముందు ఒక పద్ధతి ఉండేది. ఒక ముసలాయన ఎర్రగుడ్డ పైకెత్తి విజిల్ ఊదేవాడు. ఊదాక ఖాళీ నూనె డబ్బా మోగించేవాడు. తల్లులు ఎక్కడి పని అక్కడ వదిలేసి పిల్లల నెత్తిన ఇనుప తట్టలు బోర్లించి, పెద్ద బండ చాటుకు గుంజుకుపోయేవారు. తట్టల కింద మేము కోడిపిల్లల్లా కూర్చునేవాళ్ళం. ఢామ్మని మోగాక తట్ట మీద చిన్న రాళ్ళు టకటకా పడేవి. ఎవరి తట్ట మీద ఎక్కువ పడ్డాయో లెక్కపెట్టుకోవడం మా ఆట.

మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, వచ్చిన కొత్తలోనే బండ దొర్లి పాదం నలిగి, రాళ్ళు కొట్టే పని పోయి, గోడలకు పోస్టర్లు అంటించే పనిలో చేరాడు. బకెట్టు మోయడానికి నన్ను తీసుకుపోయేవాడు. తెల్లారకముందే లేచి మైదాపిండి జిగురు ఉడికించడం నా పని. గోడ మీది పోస్టర్లను మేకలు, ఆవులు నాకి తినకుండా చివర్లో అందులో మైలుతుత్తం కలపాలి. తుత్తం కలిపే ముందే నేను ఒక గిన్నెడు జిగురు దొంగిలించి, బెల్లం ముక్క వేసి, గుడిసెల పిల్లలకు పాయసమని పంచేదాన్ని. ఒకనాడు మామ చూశాడు.

"ఓసి నీ పాయసం పాడుగాను! పోరగాండ్ల పేగులు గోడకంటుకున్నట్టు అంటుకుంటయ్ పిల్లా!" అన్నాడు. అని, తనూ ఒక వేలు ముంచి నాకి, "బెల్లం తక్కువైంది" అన్నాడు.

మామకు చదువు రాదు. నాకూ రాదు. బొమ్మ ఉంటే తల ఎటో కాళ్ళెటో తెలుస్తుంది. ఉత్త అక్షరాలే ఉంటే ప్రెస్సాయన పై మూలన నీలం గీత గీసి ఇచ్చేవాడు, తలకిందులుగా అంటించకుండా. అంతే మా చదువు. కానీ మామకు ఒక నియమం ఉండేది. సినిమా మీద సినిమా అంటించేవాడు, లీడరు మీద లీడరును అంటించేవాడు. దండ వేసిన ఫొటోతో శ్రద్ధాంజలి పోస్టరు కనిపిస్తే మాత్రం దినం అయ్యేదాకా దాన్ని ముట్టేవాడు కాదు. "సచ్చినోళ్ళ మీద జిగురు పెట్టొద్దు బిడ్డా. పది దినాలు ఆ గోడ వాళ్ళది" అనేవాడు.

ఆ ఎండాకాలంలో పైన, ఉత్తరాన, యుద్ధం మొదలైంది. రోడ్డు పక్కన చాయ్ డబ్బా నడిపే కోస్తా ఆయన దగ్గర రేడియో ఉండేది. "మన కుర్రాళ్ళు మంచు కొండలెక్కి పోరాడుతున్నారండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. సరిహద్దు ఊళ్ళ మీద గుండ్లు పడి ఆడవాళ్ళు, పిల్లలు చనిపోతున్నారని కూడా చెప్పేవాడు. మా వాళ్ళు వినేవారు. అయ్యో అనేవారు. చాయ్ తాగి పనికి పోయేవారు. మాకది ఆకాశంలో ఉరుము లాంటిది.

మాకు దగ్గర ఉరుము వేరే ఉంది. వానలు పడేలోపు బండ ఖాళీ చేయాలని పని తొందర పెట్టారు. విజిల్ ముసలాయన్ని ఇసుక జల్లించే పనికి మార్చారు. ఒక్కో రోజు పేల్చేవాడే "హోయ్" అని ఒక కేక వేసి ముట్టించేవాడు. ఒక్కో రోజు అదీ లేదు.

మా చిన్నమ్మకు అప్పుడు ఏడాది దాటిన కొడుకు. మామకు ఆమె చెల్లెలు, మా అమ్మ తర్వాత పుట్టింది. భర్త బోరు బండ్ల మీద ఊళ్ళు తిరిగేవాడు. పిల్లవాడికి పేరు పెట్టలేదు. దసరాకు ఊరికి పోయి పుట్టువెంట్రుకలు తీయించి పెడదామనుకున్నారు. అందాక వాడు బుడ్డోడే. జంట బండ పక్కన రెండు గుంజలకు చీర ఉయ్యాల కట్టి, అందులో వాణ్ణి పడుకోబెట్టి చిన్నమ్మ కంకర మోసేది. ఆ మధ్యాహ్నం విజిల్ లేదు, డబ్బా లేదు, కేక లేదు. టెంకాయంత రాయి వచ్చి ఉయ్యాలలో పడింది.

ఇంతకంటే రాయను.

ఆ వేళకు అక్కడ పేపరుకు ఫొటోలు తీసే ఆయన ఒకడు ఉన్నాడు. కొత్తగా లేచిన మేడను బొమ్మ తీయడానికి వచ్చాడు. దుమ్ము ఇంకా అణగలేదు. బండ ముందు కూలబడి, బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న చిన్నమ్మను అతను తీశాడు. ఎవరూ వద్దనలేదు. పెద్దమనుషులకు చూపిస్తాడేమో, మంచిదే అనుకున్నాం.

సైటు పుస్తకంలో మాత్రం పిల్లవాడు ఉయ్యాల లోంచి జారిపడ్డాడని రాసుకున్నారు. బియ్యం బస్తా ఒకటి పంపారు. చిన్నమ్మ దాన్ని ముట్టలేదు. అన్నమూ ముట్టలేదు. ఎవరొచ్చి ఓదార్చినా ఒక్కటే మాట.

"విజిల్ ఊదలే, పేల్చినం, నీ కొడుకు మా రాయికే పోయిండు అని ఒక్క మాట అనమనుండ్రి. నాకింకేం వద్దు. ఉయ్యాలల నుంచి పడ్డడంటే నేను సరిగ్గ కట్టలేదన్నట్టే గద. నా చేతులే సంపినట్టు గద."

అయిదో రోజు తెల్లవారి మామా నేనూ కొత్త కట్ట విప్పాం. ఒక యువజన సంఘం వాళ్ళు వేయించారని ప్రెస్సాయన చెప్పి ఇచ్చిన కట్ట. మొదటి కాగితం గోడ మీద పరిచి కుంచె తీయబోయి ఆగాను. చిన్నమ్మ! దుమ్ములో కూర్చున్న చిన్నమ్మ, ఒళ్ళో బుడ్డోడు. వెనక ఎర్ర రంగులో మంటలు గీశారు. పక్కన తుపాకీ పట్టుకున్న మనిషి. పైనా కిందా అక్షరాలు.

మామ చేతిలో బకెట్టు ఒరిగింది. చాలాసేపు చూసి, "శ్రద్ధాంజలి ఏసిండ్రు బిడ్డా" అన్నాడు. "మనోనికి శ్రద్ధాంజలి ఏసిండ్రు."

మా బతుకులో చనిపోయినవాళ్ళ ముఖంతో పోస్టరు అంటే శ్రద్ధాంజలి ఒక్కటే. ఆ రోజు మేము అంటించినంత నున్నగా ఎప్పుడూ అంటించలేదు. ఒక్క ముడత రానివ్వలేదు. దారి పొడుగునా, కాంపౌండు గోడలకు, బండలకు, చివరికి సైటు ఆఫీసు గోడకు కూడా.

గుడిసెల్లో కబురు పాకింది. ఆడవాళ్ళు పని మానేసి వచ్చి చూశారు. మా పక్క గుడిసె అవ్వ తుపాకీ మనిషిని వేలితో పొడిచి, "పోలీసాయన గూడ వచ్చిండు సూడుండ్రి. ఇగ కంపెనోన్ని గుంజుకపోతడు" అంది. చిన్నమ్మ ముందుకొచ్చింది. బిడ్డ బొమ్మ మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. జిగురు ఇంకా తడిగానే ఉంది. ఇంటికొచ్చి, "అక్కా, జర అంబలి ఉంటే పొయ్యి" అంది మా అమ్మతో. అయిదు రోజుల తర్వాత ఆమె నోట్లోకి పోయిన మొదటి గుటక అది. మా అమ్మ గిన్నె అందించి బయటికి పోయి ఏడ్చింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే చిన్నమ్మ చాయ్ డబ్బా పక్క బండ దగ్గరికి పోయి, పోస్టరు కింద చిన్న మట్టి గురిగిలో పాలు పెట్టి వచ్చేది. చాయ్ ఆయన రెండు రోజులు చూసి మూడో రోజు మామను పిలిచాడు.

"ఏమయ్యా, ఆవిడ ఎవరు? రోజూ దండం పెట్టి పోతోంది. అంత దేశభక్తి!"

"మా చెల్లె సారూ. ఆ బొమ్మల ఉన్నది ఆమెనే. ఒళ్ళ ఉన్నోడు మా మేనల్లుడు. శ్రద్ధాంజలి ఏసిండ్రు గద."

చాయ్ ఆయన చేతిలో జల్లెడ అలాగే ఉండిపోయింది. మా ముఖాలు చూశాడు. పోస్టరు చూశాడు. "ఏం రాసుందో మీకు తెలీదా?" అని నెమ్మదిగా చదివాడు. శత్రువు ఫిరంగులు మన సరిహద్దు పల్లెల మీద నిప్పులు కురిపించాయి. ఈ తల్లి ఒడిని ఖాళీ చేశాయి. యువకుల్లారా, లేవండి, సైన్యంలో చేరండి, ఈ కన్నీటికి బదులు చెప్పండి. కింద సెలెక్షన్లు ఎక్కడో, ఏ రోజో ఉంది. అన్నిటికంటే అడుగున ప్రెస్సు పేరు.

మామ బండకు ఆనుకున్నాడు. "మావోడు ఇక్కడ సచ్చిండు సారూ. ఈ బండ పక్కన."

చాయ్ ఆయన స్టవ్ పంపు కొట్టాడు. తర్వాత, "ఈ తల్లి ముఖం చూసి మా తమ్ముడు రెండు రోజులు అన్నం తినలేదయ్యా. పొద్దున్నే పరుగు మొదలుపెట్టాడు, సైన్యంలో చేరతానని. వాడికి మాత్రం చెప్పకండి" అన్నాడు.

మామ ప్రెస్సుకు పోయి అడిగాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ప్రెస్సాయన చెడ్డవాడు కాదు. సిరా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "బార్డర్ బొమ్మలు ఏడ దొరుకుతయ్? పేపరాయన దగ్గర ఇది ఉంటే ఇచ్చిండు. ఏడ్సే తల్లి ఏడున్నా ఏడ్సే తల్లే గదరా" అన్నాడు. మామ తిరిగొచ్చేశాడు.

దారిలో నాతో అన్నాడు. "చిన్నమ్మకు చెప్పకు. తింటున్నది. దినం కానీ, తర్వాత నేనే చెప్త."

నేను చెప్పలేదు. పెద్దలు చెప్పారు కదా అని ఇప్పుడు తప్పించుకోవచ్చు. నిజమేమిటంటే, ఆమె మళ్ళీ అంబలి మానేస్తే ఆ ముఖం చూడలేనని భయపడ్డాను.

పదో రోజు పొద్దున చిన్నమ్మ తల స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. "నడువు పిల్లా, నువ్వే గద అంటించినవ్. ఆఫీసుల సారును దినానికి పిలిచొద్దం" అంది.

"ఎందుకు చిన్నమ్మా?"

"ఆఫీసు గోడకు గూడ ఉన్నది గద, పోస్టర్ కంపెనోళ్ళే ఏసిండ్రు. ఏసినోళ్ళు ముద్దకు రావద్దా? వచ్చి మా ముంగట కూసొని, ఆ మాట నోటితోని అంటే ఇంకా మంచిగుంటది."

దారి పొడుగునా నాలుక మీదికి వచ్చింది. మింగాను. అడుగడుగునా గోడ మీద నేను అంటించిన ఆమె ముఖమే.

సూపర్‌వైజర్ బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలకాయ మీద, గోడకు, పోస్టరు. చిన్నమ్మ చేతులు జోడించి పిలిచింది. "మీరు తప్పు ఒప్పుకొని బొమ్మ ఏసిండ్రు సారూ. మీ మనసు మంచిది. ఇయ్యాల మా ఇంట్ల ముద్ద తినాలె."

అతను అయోమయంగా చూశాడు. వెనక్కి తిరిగి పోస్టరు చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. పోలిక తెలిసింది. ముఖంలో మొదట భయం వచ్చింది. అది నేను చూశాను. తర్వాత ఆ భయానికి ఒక దారి దొరికింది.

"తప్పేంది, ఒప్పుకునుడేంది? చదివించుకో పో. శత్రువులు ఏసిన గుండుకు పోయిండని అచ్చేసి ఉన్నది. ఊరు ఊరంతా చదివింది. ఇక్కడ ఎవ్వరు చావలేదమ్మా. ఇగ పో."

చిన్నమ్మ నా దిక్కు తిరిగింది. "గట్లున్నదా?"

తల ఊపాను.

"నీకు ఎర్కేనా?"

మళ్ళీ ఊపాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కొట్టి ఉంటే ఇన్నేళ్ళు ఇది మోసేదాన్ని కాదేమో. ఆమె చీర కొంగు బొడ్లో దోపి, నేరుగా జంట బండ మీదికి ఎక్కింది. అప్పటికే దానికి తమిరి కొట్టి, మందు కూరి, వత్తి పెట్టి ఉంచారు. వత్తి పక్కనే కూర్చుంది. మేస్త్రీ మొత్తుకున్నాడు, సూపర్‌వైజర్ తిట్టాడు. "నా కొడుకు సావలేదన్నవ్ గద. నేనూ సావను. ముట్టియ్యి" అంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఒక్కొక్కరే పని దించేసి బండ చుట్టూ కూర్చున్నారు. దినం ముద్ద అక్కడే తిన్నారు. పొద్దు వాలే వేళకు మేస్త్రీ ఇసుక దగ్గరి నుంచి ముసలాయన్ని పిలుచుకొచ్చాడు. మెడలో విజిల్, చేతిలో ఎర్రగుడ్డ. సూపర్‌వైజర్ ఆ మాట అనలేదు. దూరంగా నిలబడి నేల చూశాడు.

చిన్నమ్మ ముసలాయన్ని చూసింది. పిల్లలందరి నెత్తినా తట్టలు పడేదాకా చూసింది. అప్పుడు దిగింది. ఆ తర్వాత ఆ సైటులో విజిల్ లేకుండా ఎవరూ మందు ముట్టించలేదు. అంత మాత్రం దక్కింది. అసలు అడిగింది దక్కలేదు.

మరునాడు తెల్లవారి మామ బకెట్టు నిండా నీళ్ళు పట్టాడు. అంటించినవన్నీ గీకేద్దామని. చిన్నమ్మ కూడా వచ్చింది. మొదటి గోడ దగ్గర నిలబడి తన ముఖాన్ని తానే చూసుకుంటూ అడిగింది.

"అన్నా, అక్కడ నిజంగనే పిల్లలు సచ్చిండ్రా?"

"సచ్చిండ్రంట. రేడియోల చెప్పిండ్రు."

"అయితే ఆ తల్లి ఒకతె ఉంటది గద. ఆమె బొమ్మ ఏది?"

మామ చేతిలో గుడ్డ నీళ్ళు కారుతోంది.

"ఆమె మొఖం మీద నా మొఖం అంటిచ్చిండ్రు" అంది చిన్నమ్మ. "నా కొడుకు సావును ఆమె కొడుకు సావు కింద దాసిండ్రు. ఇద్దరికీ గోడ లేకుంట పాయె."

మామ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. సచ్చినోళ్ళ మీద జిగురు పెట్టొద్దన్న మనిషి. తన చేతులను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ వారమే పోస్టర్ల పని మానేసి బస్సు డిపో దగ్గర పంక్చర్ల దుకాణంలో చేరాడు.

మేము మరీ గట్టిగా అంటించాం కదా, పోస్టర్లు ఊడలేదు. నానబెట్టి గుంజితే పై భాగం చిరిగి వచ్చింది, అడుగు పట్టీ గోడకే ఉండిపోయింది. దారి పొడుగునా ముఖాలు పోయి, కింది చిన్న అక్షరాలు మాత్రం మిగిలాయి. అవేమిటో చదవలేక నేను వాటిని ఒక్కొక్కటీ వేలితో తడిమాను. చాయ్ ఆయన తమ్ముడు సెలెక్షన్‌లో నెగ్గి రైలెక్కాడు. వాన పడ్డాక మమ్మల్ని వేరే సైటుకు లారీ ఎక్కించారు. అతను తిరిగొచ్చాడో లేదో నాకు తెలియదు. తుపాకీ పట్టడం తప్పని నేను అనను. ఆ కుర్రవాడి గుండె మంట అబద్ధం కాదు. దాన్ని రగిలించిన కాగితం అబద్ధం. అంతే నేను చెప్పేది.

ఆ రోజు ఆటో వదిలేసి ఇంటికొచ్చి మనవరాలి నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. నా అక్షరాలు లావుగా, వంకరగా ఉంటాయి, ఒక్క మాటకు ఒక గీత సరిపోదు. సాయంత్రం దాకా రాసి, ఊళ్ళో ఉన్న చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఆమెకిప్పుడు చెవులు సరిగా వినబడవు. గట్టిగా చదివాను.

"విజిల్ ఊదకుండా మందు పేల్చితే రాయి వచ్చి పడి, జంట బండ దగ్గర ఉయ్యాలలో ఉన్న బుడ్డోడు చనిపోయాడు. ఉయ్యాల గట్టిగానే కట్టి ఉంది."

చదివి ఫోను చెవికి అదుముకున్నాను.

"ఇంకోసారి సదువు" అంది.

మళ్ళీ చదివాను.

"ఉయ్యాల ముచ్చట గూడ రాసినవ్" అంది మెల్లగా. తర్వాత అడిగింది. "మరి ఆ తల్లి సంగతి రాసినవా బిడ్డా? బార్డర్ల ఆమెది?"

ఆమె గురించి నాకేమీ తెలియదు. ఊరు తెలియదు, పిల్లవాడా పిల్లా తెలియదు, ముఖం తెలియదు. నోటుబుక్కులో బుడ్డోడి కింద రెండు గీతలు ఖాళీగా వదిలాను. వాటి మీద ఏమీ రాయొద్దని మనవరాలికి చెప్పాను.